సూర్యాపేట – బెజవాడ – గుంటూరు: మే ఎండలో సైకిల్ యాత్ర చివరి 175 కి.మీ. ఎలా పూర్తి చేయాలి?

బందరు_దారి
అందరికీ నమస్కారం. పుణె నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీదుగా ఇద్దరం వస్తున్నాం. ప్రస్తుతం సూర్యాపేటలో మకాం. ఇక్కడి నుంచి విజయవాడ సుమారు 140 కి.మీ., అక్కణ్ణుంచి గుంటూరు మరో 35. ఎల్లుండి ఉదయం 5కి బయలుదేరి సాయంత్రానికల్లా గుంటూరు చేరాలనేది ఆలోచన. రేపు విశ్రాంతి. పగటి ఎండ 43 డిగ్రీలంటున్నారు.

సైకిళ్ళు రెండూ స్టీలు ఫ్రేములు, 32 మి.మీ. టైర్లు, 36 పుల్లల చక్రాలు, వెనక క్యారియర్ మీద 12 కిలోల సామాను. ఒక సైకిల్ వెనక టైరులో రాత్రికి రాత్రి గాలి సగం దిగిపోతోంది, పంచరు మాత్రం కనిపించడం లేదు. ఎండకి టైరు పేలకుండా గాలి ఎంత తగ్గించాలి? ఇంకోటి, ఒకరికి మోకాలు నొప్పి, మాత్ర వేసుకుని తొక్కేయొచ్చా? గుంటూరు వైపు ఏ దారి మంచిదో కూడా చెప్పండి.

కరకట్ట
ఒకే రోజులో వద్దండి. కాళ్ళకి చేతకాదని కాదు, గంటలు కలిసిరావు. గంటకి 20 కి.మీ. చొప్పున 175కి తొక్కడమే దాదాపు 9 గంటలు. ఆగేవి 3 గంటలు వేసుకోండి. ఉదయం 5కి బయలుదేరితే 11కి నందిగామ చుట్టుపక్కల ఉంటారు. అంటే 11 నుంచి 4 వరకు, రోజు మొత్తంలో అన్నిటికన్నా చెడ్డ ఎండ, మీకు కంచికచర్ల, ఇబ్రహీంపట్నం, గొల్లపూడి మీద పడుతుంది. ఆ ముక్కలోనే ట్రాఫిక్ కూడా చిక్కబడుతుంది. అలసిన మనిషి లారీల మధ్య దూరాలు తప్పుగా అంచనా వేసేది అక్కడే.

రెండుగా విడగొట్టండి. మొదటి రోజు 4కి కదలండి. మేలో మనవైపు 5:10కల్లా వెలుతురు వచ్చేస్తుంది, 5:35 ప్రాంతంలో సూర్యోదయం. 6:30కి కోదాడ (45 కి.మీ.), అక్కడ టిఫిను. చిల్లకల్లు దాటి 9:30 లోపు నందిగామ, అది 90వ కిలోమీటరు. అక్కడ ఆగిపోండి, ఇంకా ఓపిక ఉన్నా సరే. మర్నాడు మళ్ళీ 4కి లేచి తొక్కితే 7కి ప్రకాశం బ్యారేజి, 9:30కి గుంటూరు.

వడగాలి_లెక్క
కరకట్ట గారి మాటకి కారణం చెప్తాను, ఎందుకంటే "నిన్న 43లో తొక్కాం కదా, రేపూ తొక్కుతాం" అనే లెక్క ఇక్కడ పనిచేయదు.

సామానుతో 20 వేగంలో తొక్కే మనిషి పెడళ్ళకి ఇచ్చేది సుమారు 100 వాట్లు. దానికి శరీరం ఖర్చు పెట్టేది 500 వాట్లు. మిగతా 400 వేడిగా బయటికి పోవాలి. గాలి 37 డిగ్రీలు దాటాక గాలికి వేడి ఇవ్వలేం, అదే మనకిస్తుంది. ఇక మిగిలిన దారి చెమట ఆరడం ఒక్కటే. 1 లీటరు చెమట పూర్తిగా ఆరితే సుమారు 2,400 కిలోజౌళ్ళు తీసుకుపోతుంది. 400 వాట్లంటే గంటకి 1,440 కిలోజౌళ్ళు. అంటే ఒంట్లో పుట్టిన వేడికే గంటకి 0.6 లీటరు చెమట ఆరాలి. నెత్తిమీద ఎండ, కింద తారు వేడి దీనికి అదనం. ఇక్కడ "ఆరాలి" అన్నదే అసలు మాట. మోచేతి నుంచి బొట్టుబొట్టుగా కారిపోయిన చెమట చల్లబరచదు, నీళ్ళు వృథా అయినట్టే.

సూర్యాపేట పొడి ఎండ. చొక్కా మీద ఉప్పు తెల్లగా చారలు కట్టిందంటే చెమట ఆరుతోందని అర్థం. కృష్ణ దగ్గరపడేకొద్దీ గాలిలో తేమ పెరుగుతుంది. చొక్కా తడిగానే ఉండి ఒంటికి అంటుకుంటుంది. థర్మామీటరులో 43 కాక 40 చూపించినా శరీరానికి భారం ఎక్కువ. బెజవాడ ఉక్క అని ఊరికే అనలేదు.

ఇంకొకటి చాలామంది గమనించనిది: గాలి దిశ. మధ్యాహ్నం వడగాలి పడమటి నుంచి వీస్తుంది. మీరు వెళ్ళేది తూర్పు, ఆగ్నేయం. వెనక నుంచి గాలి తోస్తుంటే హాయిగా ఉంటుంది, కానీ గాలి 18, మీరు 20 అయితే ఒంటికి తగిలేది 2 కి.మీ. గాలి మాత్రమే. చెమట ఆరదు. వేగం బాగుందని సంబరపడుతుండగానే లోపల వేడి పెరిగిపోతుంది. ఎదురుగాలిలో కాళ్ళు నొప్పి పుడతాయి కాబట్టి మనిషి తనంతట తానే ఆగుతాడు. వెనకగాలిలో ఆగడు. అదే ప్రమాదం.

బందరు_దారి
ఇంత లెక్క ఉందనుకోలేదు. అయితే రాత్రి 10కి బయలుదేరి తెల్లారేసరికి బెజవాడ చేరితే? ఎండ బాధే ఉండదు కదా.

మైలురాయి_మంగళగిరి
వద్దు. తెల్లగీత పక్కన లైట్లు లేకుండా ఆపిన లారీలు, గీత లోపల ఎదురు వచ్చే బైకులు, ట్రాక్టర్లు ఈ రోడ్డు మీద రాత్రి మామూలు. ట్రాలీకి వెనక రిఫ్లెక్టరు ఉండదు. పగలు 200 మీటర్ల నుంచి కనిపించేది రాత్రి 20 మీటర్లలో కనిపిస్తుంది. పైగా 2 నుంచి 4 మధ్య లారీ డ్రైవర్లకీ, మీకూ ఒకేసారి కునుకు వచ్చే వేళ. రోజుల తరబడి తొక్కి నిద్ర బాకీ ఉన్నవాళ్ళకి అది మరీ కష్టం.

గన్నవరం_గాలి
మైలురాయి గారితో కొంత విభేదిస్తాను. రాత్రంతా తొక్కడం తప్పే, కానీ 4 బదులు 3కి కదలడం మంచిదే. ఆ ఒక్క గంట చివర్లో 9:30ని 8:30 చేస్తుంది. మేలో 8:30కీ 9:30కీ ఉన్న తేడా 3కీ 4కీ మధ్య ఉండదు. షరతు: ముందురోజు రాత్రి 8కే పడుకోవాలి. వెనక ఎర్ర లైట్లు రెండు, ఒకటి నిలకడగా, ఇంకోటి మిణుకుమిణుకుగా. రెండూ మిణుకుతుంటే వెనకొచ్చే డ్రైవరుకి దూరం అందదు. చీలమండలకి రిఫ్లెక్టరు పట్టీలు కట్టండి. పైకీ కిందకీ ఆడే వెలుగు చూడగానే సైకిలని తెలుస్తుంది, వీపు మీద జాకెట్టు కన్నా అదే ముందు కనబడుతుంది.

మైలురాయి_మంగళగిరి
మూడుకి ఒప్పుకుంటాను, సూర్యాపేట – కోదాడ ముక్కకి మాత్రమే. రెండో రోజు నందిగామ నుంచి 4 చాలు. మున్నేరు వంతెన, కీసర టోలు ప్లాజా దాటేసరికి కాస్త వెలుతురు ఉండాలి. వంతెన మీద మార్జిన్ (రోడ్డు అంచు) తగ్గుతుంది, జాయింట్లని అడ్డంగా నేరుగా దాటాలి, ఏటవాలుగా కాదు.

ఆటోనగర్_స్పోకు
ఇప్పుడు సైకిల్ సంగతి. ముందు గాలి. ఎండకి టైరు పేలుతుందని గాలి తగ్గించకండి. తెల్లవారుజామున 28 డిగ్రీల్లో 65 పీఎస్‌ఐ కొడితే, టైరు 60 డిగ్రీలకి వేడెక్కినా పెరిగేది 8 పీఎస్‌ఐ మాత్రమే. టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠం దాటనంతవరకు భయం లేదు. మీ బరువుకి వెనక 70, ముందు 60 పెట్టండి. తగ్గించి తొక్కితే గుంతలో రిమ్ము ట్యూబుని నొక్కి పక్కపక్కనే రెండు చిల్లులు పెడుతుంది.

ఎండకి నిజంగా చెడేవి వేరు. ఒకటి రిమ్ టేపు. పుల్లల నట్ల మీద వేసిన రబ్బరు పట్టీ వేడికి సాగి పక్కకి జరుగుతుంది. లోపల చిల్లు అంచు బయటపడుతుంది. గాలి నిండిన ట్యూబు ఆ చిల్లులోకి ఉబ్బి, రోజుల తరబడి రాపిడికి సన్నగా చిట్లుతుంది. రెండోది ప్యాచీ. సొల్యూషన్ అక్కర్లేకుండా అంటించే స్టిక్కరు ప్యాచీలు ఈ వేడికి అంచుల్లో లేస్తాయి. మీ చక్రం "రాత్రికి సగం" అంటే నా అనుమానం ఈ రెండింట్లో ఒకటి, కాకపోతే తీగ.

వెతికే పద్ధతి ఇది. టైరు మీద కంపెనీ పేరున్న చోటు వాల్వుకి ఎదురుగా ఉందో లేదో ముందే చూసి సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. ట్యూబు తీసి రెండింతలు ఉబ్బేదాకా గాలి కొట్టి బకెట్లో కొంచెం కొంచెంగా ముంచండి. సన్నని చిల్లు బుడగ రావడానికి 10 సెకన్లు పట్టొచ్చు, తొందరపడకండి. చిల్లు ట్యూబు లోపలి వైపు, అంటే రిమ్ము వైపు ఉంటే దోషం రిమ్ టేపుది. బయటి వైపు ఉంటే తీగది. వాల్వు మొదట్లో చిరిగితే వాల్వు నట్టు గట్టిగా బిగించారని, లేదా గాలి తక్కువై ట్యూబు లోపల జరిగిందని.

తీగ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఈ రోడ్డు మీద సగం పంచర్లు దానివే. లారీ రేడియల్ టైరు పేలినప్పుడు లోపలి ఉక్కు తీగలు ముక్కలై మార్జిన్‌లో పడతాయి. 3, 4 మి.మీ. పొడవు, కనురెప్ప వెంట్రుకంత సన్నం. టైరులో నిలువుగా దిగి కూర్చుంటుంది. బయట నుంచి చూస్తే నల్లని చుక్క కూడా కనపడదు, లోపల వేలితో తడిమితే ఒక్కోసారి వేలికి తెలియదు కూడా. దూది తీసుకుని టైరు లోపల అటొకసారి, ఇటొకసారి తిప్పండి. ఎక్కడ దూది పోగు పట్టుకుంటే అక్కడ తీగ. లోపల నుంచి గోరుతో తోసి, బయట నుంచి గోళ్ళు కత్తిరించేదాంతో పట్టి లాగండి. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే 20 కి.మీ. లో మళ్ళీ అదే పంచరు.

ప్యాచీ నీడలోనే వేయండి. ఎండలో సొల్యూషన్ పైన పొర కట్టి కింద పచ్చిగా ఉంటుంది. ఉప్పుకాగితంతో రుద్దాక పలచగా రాసి, మెరుపు పోయేదాకా 4, 5 నిమిషాలు ఆగి అంటించండి. ఒకసారి మూత తీసిన సొల్యూషన్ ట్యూబు ఎండలో గట్టిపడుతుంది. ఇప్పుడే నొక్కి చూడండి, అవసరం పడ్డాక కాదు.

రిమ్ టేపు దొరక్కపోతే మందుల షాపులో గుడ్డ ప్లాస్టరు తీసుకోండి. రెండు చుట్లకి సుమారు 4 మీటర్లు కావాలి. వెడల్పు రిమ్ము గాడికి సరిపోవాలి. ఎక్కువైతే అది టైరు అంచు కూర్చునే చోటికి ఎక్కి చక్రం ఎగుడుదిగుడుగా తిరుగుతుంది, కత్తెరతో కోసుకోండి. కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు మాత్రం వద్దు, దాని జిగురు ఈ వేడికి కారిపోతుంది.

చైను: స్కేలుతో 12 పూర్తి లింకులు కొలవండి. సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. అంగుళంలో పదహారో వంతు పెరిగితే మార్చే వేళ వచ్చిందని. ఎనిమిదో వంతు పెరిగితే క్యాసెట్టు (వెనక పళ్ళ చక్రాల గుత్తి) కూడా అరిగి ఉంటుంది. 175 కి.మీ. కోసం ఇప్పుడు మార్చకండి. అరిగిన పళ్ళ మీద కొత్త చైను జారుతుంది, గుంటూరు చేరాక రెండూ కలిపి మార్చుకోండి. నూనె రాత్రి వేసి, పొద్దున పొడి గుడ్డతో పైన తుడిచేయండి. పైన మిగిలిన నూనె దుమ్ముని పట్టి గంధంలా నూరుతుంది.

క్యారియర్ బోల్టులు, ముఖ్యంగా వెనక ఇరుసు దగ్గర ఉండే ఎం5 (5 మి.మీ.) బోల్టులు, ఈ రాత్రే బిగించండి. రెండు బోల్టులు అదనంగా జేబులో ఉంచండి.

చలివేంద్రం
క్యాజువాలిటీలో వడదెబ్బ కేసులు చూసేవాళ్ళ తరఫున కొన్ని మాటలు.

మోకాలి మాత్ర: ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి ఈ ఎండలో తొక్కుతూ వేసుకోకండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగా అందకుండా చేస్తాయి ఇవి. నొప్పి మోకాలి ముందువైపు ఉంటే సీటు తక్కువగా ఉందేమో చూడండి, 3, 4 మి.మీ. పైకి లేపండి. చిన్న గేరులో నిమిషానికి 80, 85 తొక్కుళ్ళు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే యాత్ర అక్కడితో ఆపి ఆస్పత్రికి వెళ్ళాలి. కండరాలు దెబ్బతిని ఆ వ్యర్థం కిడ్నీకి చేరిందన్న సూచన అది.

నీళ్ళు: గంటకి 700 నుంచి 800 మి.లీ., 15 నిమిషాలకి ఒకసారి నాలుగైదు గుక్కలు. ఒక్కసారిగా లీటరు తాగితే కడుపులో ఊగుతుంది తప్ప ఒంటికి పట్టదు. ఇందులో సగం ఓఆర్ఎస్, సగం మామూలు నీళ్ళు. డబ్ల్యూహెచ్‌ఓ పాళ్ళ ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్టు సుమారు 21 గ్రాములు, కచ్చితంగా 1 లీటరు నీళ్ళలోనే కలపాలి. అర లీటరు సీసాలో పోస్తే చిక్కనై వాంతి వస్తుంది. పొడి దొరక్కపోతే 1 లీటరుకి 6 చెంచాలు పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలు గీసినట్టు సమంగా. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి అమ్మే తియ్యని డబ్బా పానీయాలు వేరు. ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ప్యాకెట్టు మీద డబ్ల్యూహెచ్‌ఓ పాళ్ళు అని ఉందో లేదో చూసి కొనండి.

భయంతో ఉత్త నీళ్ళు అతిగా తాగడం కూడా ప్రమాదమే. వేలి ఉంగరం బిగుసుకుపోవడం, తలనొప్పి, వికారం, మూత్రం నీళ్ళలా తెల్లగా రావడం కనిపిస్తే రక్తంలో సోడియం పడిపోతోందని అనుమానించండి. అప్పుడు ఇంకా నీళ్ళు పట్టించకూడదు.

ఇద్దరున్నారు కాబట్టి ఒకరినొకరు కనిపెట్టుకోండి. అరగంటకోసారి ఏదైనా చిన్న లెక్క అడగండి: "నందిగామ ఇంకా ఎంత? ఎన్నింటికి చేరతాం?" తడబడినా, చిరాకుపడినా, సైకిల్ వంకరగా పోతున్నా అది వడదెబ్బ అనే అనుకోవాలి. చెమట పడుతోంది కదా అని ధైర్యపడకండి. శ్రమలో వచ్చే వడదెబ్బలో చెమట ఆగకపోవచ్చు. వెంటనే నీడకి చేర్చి, 108కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేలోపే చల్లబరచడం మొదలుపెట్టండి. కూల్‌డ్రింక్ షాపులో ఐసు తీసుకుని బకెట్ నీళ్ళలో వేసి, తువ్వాళ్ళు ముంచి ఒళ్ళంతా కప్పండి, 2 నిమిషాలకోసారి మార్చండి, విసరండి. స్పృహ సరిగా లేనివాళ్ళ నోట్లో నీళ్ళు పోయకండి. పారాసిటమాల్ దీనికి పనిచేయదు. అది జ్వరం మందు, వడదెబ్బ జ్వరం కాదు. మొదటి అరగంటలో ఒంటి వేడి ఎంత దించామన్న దాన్నిబట్టే ప్రాణం.

పెరుగన్నం
తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. కోదాడలో ఇడ్లీ, నందిగామలో మధ్యాహ్నం పెరుగన్నం, ఆవకాయ బద్ద ఒకటి నంజుకుంటే ఉప్పు కూడా వస్తుంది. మధ్యలో ఉప్పేసిన మజ్జిగ, ఉప్పు నిమ్మసోడా. ఇప్పుడు ముంజల కాలం, దారి పొడుగునా దొరుకుతాయి. నీళ్ళ ముంజలు లేతవి నాలుగు తినొచ్చు, ముదురువి అరగవు. కొబ్బరి బొండంలో పొటాషియం ఎక్కువ, ఉప్పు తక్కువ. దాన్నే ఓఆర్ఎస్ అనుకోవద్దు. మిరపకాయ బజ్జీలు గుంటూరు చేరాకే, పొట్ట కుదురుగా ఉండాలి.

బందరు_దారి
ఆటోనగర్ గారూ, మీరన్నదే. చిల్లు లోపలి వైపు ఉంది, టేపు జరిగి రెండు నట్ల చిల్లులు బయటపడ్డాయి. గుడ్డ ప్లాస్టరు తెచ్చాం. చైను పదహారో వంతు కంటే తక్కువే సాగింది. మాత్ర మానేశాం, సీటు 4 మి.మీ. లేపాం. ఇక దారి చెప్పండి.

మూడొంతెనలు
గొల్లపూడి, భవానీపురం దాటాక కనకదుర్గ ఫ్లైఓవర్ వస్తుంది. ఎక్కకండి. ఎక్కితే బ్యారేజి మలుపు పైనుంచే దాటిపోతారు. కుమ్మరిపాలెం దగ్గర కింద రోడ్డు పట్టుకుని కొండ అడుగునుంచి వస్తే కుడిచేతికి ప్రకాశం బ్యారేజి. భారీ వాహనాలు ఉండవు, 1.2 కి.మీ. పొడవు, పొద్దున 7 లోపు నదిగాలితో హాయిగా ఉంటుంది. నది మీద ఇంకో వంతెన, కనకదుర్గ వారధి, దాని మీదుగా వెళ్ళే దారి లారీలదారి.

అవతల సీతానగరం, తాడేపల్లి మీదుగా మంగళగిరి. పాత ఊరి రోడ్డునే వెళ్ళి, ఊరు దాటాక 16వ నంబరు రహదారి సర్వీసు రోడ్డు ఎక్కండి. చినకాకాని, కాజ టోలు ప్లాజా, నాగార్జున యూనివర్సిటీ, నంబూరు, పెదకాకాని, గుంటూరు. సర్వీసు రోడ్డు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఆగిన చోట హైవేలో కలిసేటప్పుడు వెనక్కి చూసుకోవాలి. పెదకాకాని తర్వాత బైపాస్‌లోకి పోకుండా బోర్డులు చూసుకుంటూ ఊళ్ళోకి తిరగండి. మిర్చి లారీలు తిరిగే వైపు గాలిలో ఘాటు ఉంటుంది, కళ్ళజోడు తీయొద్దు.

కరకట్ట
బ్యారేజి దగ్గర ఆగినప్పుడు కృష్ణలో దిగాలనిపిస్తుంది. మెట్ల మీద కూర్చుని తలమీద చెంబుతో పోసుకోండి, లోపలికి మాత్రం దిగకండి. లోతు, సుడి కంటికి తెలియవు, అలసిన కాళ్ళు పట్టేస్తాయి.

గన్నవరం_గాలి
తిరుగు ప్రయాణం రైలైతే సైకిల్ స్టేషన్ పార్సిల్ ఆఫీసులో లగేజీగా బుక్ చేయాలి. టికెట్టు చూపించి రైలుకి గంటన్నర ముందే ఇవ్వండి. పెడళ్ళు తీసి, హ్యాండిలు అడ్డం తిప్పి కట్టండి. ఎడమ పెడలు మర ఉల్టా, మామూలు వైపు తిప్పితే ఊడదు. సీసాలు, లైట్లు, పంపు మీ వెంటే.

బందరు_దారి
సరే, నిర్ణయం ఇది. ఎల్లుండి 3:15కి సూర్యాపేట, 6కి కోదాడ, 9 లోపు నందిగామ, అక్కడే గది. మర్నాడు 4కి కదిలి, ఇబ్రహీంపట్నం వెలుతురులో, 7కి బ్యారేజి, 9:30 లోపు గుంటూరు. మనిషికి సీసాలు 3, ఓఆర్ఎస్ 6 ప్యాకెట్లు, ట్యూబులు 2, దూది, గోళ్ళ కత్తెర.

వడగాలి_లెక్క
ఒక సీసా ఒంటి మీద పోసుకోవడానికని వేరుగా పెట్టుకోండి. కోదాడ వైపు పొడిగాలిలో మెడకీ చేతులకీ పోసుకుంటే పనిచేస్తుంది. ఇబ్రహీంపట్నం దాటాక ఉక్కలో అంత లాభం ఉండదు, ఆ నీళ్ళు తాగేయండి. నందిగామలో 9కి కాళ్ళు బాగానే ఉండి, వెనక నుంచి గాలి తోస్తూ "ఇంకో 50యే కదా" అనిపిస్తుంది. గది ముందే మాట్లాడుకుని అడ్వాన్సు ఇచ్చేయండి.

ఆటోనగర్_స్పోకు
ప్లాస్టరు వాల్వుకి ఎదురు వైపు నుంచి మొదలుపెట్టి అక్కడే ముగించండి. వాల్వు చిల్లు దగ్గర బ్లేడుతో కోయకండి, గుండ్రంగా సూదితో పొడిచి పెన్సిల్‌తో పెద్దది చేయండి. కోసిన అంచు సాగితే మళ్ళీ అక్కణ్ణుంచే లేస్తుంది. ట్యూబు వేసి 70 కొట్టి ఈ రాత్రంతా ఉంచండి. పొద్దున గాలి 66 కంటే తగ్గితే ఇంకో చిల్లు ఉన్నట్టు, మళ్ళీ బకెట్ పెట్టండి. రేపు విశ్రాంతే కదా, టైం ఉంది.